గేటు దగ్గరి చెట్టు

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మిషన్ చెప్పిన అంకె మీద వాళ్ళకున్న నమ్మకం చూస్తే ముచ్చటేస్తుంది, ఆ వెంటనే దిగులేస్తుంది. ఆ నమ్మకం ఒకప్పుడు నాకూ ఉండేది. నూజివీడులో మా డాక్టరుగారి నర్సింగ్ హోములో, మెట్ల కింద గదిలో కూర్చుని రక్తపరీక్షలు చేసిన రోజుల్లో అది ఎలా పోయిందో వాళ్ళకి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. నోటితో చెప్పబోతే మధ్యలో ఆగిపోతున్నాను. అందుకని రాస్తున్నాను. చదివాక మీకు ధైర్యం వస్తుందని మాత్రం అనుకోకండి.

నేను ల్యాబ్ చదువు చదివినవాణ్ణి కాదు. పదో తరగతి అవగానే మామిడికాయల కమీషన్ కొట్లో గుమాస్తాగా చేరాను. పెన్సిలు పట్టకుండా పెద్ద పెద్ద లెక్కలు కట్టేవాణ్ణి. చిన్నరసం పళ్ళ కోసం కొట్టుకి వచ్చిన డాక్టరుగారు ఒకసారి నిలబడి అది చూశారు.

"ఈ బుర్రని కాయలు లెక్కపెట్టడానికి పాడుచేస్తున్నావేంటయ్యా. వచ్చి నా ల్యాబులో కూర్చో" అన్నారు.

వెళ్ళి కూర్చున్నాను. పని కొంత ఆయన చూపించారు. మిగతాది కిట్టు డబ్బాల్లో వచ్చే ఇంగ్లీషు కాగితాలు ముందు పెట్టుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. రంగు ఎంత చిక్కగా ఉందో చూసి అంకె చెప్పే కలరీమీటరు, రక్తాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజు, ఒక వేడినీళ్ళ తొట్టి, ఇవీ నా సరంజామా. కరెంటు పోతే సెంట్రిఫ్యూజు మూలుగుతూ ఆగిపోయేది. వేసవిలో కరెంటు పోని రోజు లేదు.

అప్పటిదాకా కొలెస్ట్రాల్ అంటే మాకు ఒకటే అంకె. ఎక్కువుంటే భయం, తక్కువుంటే సంతోషం. ఎనభైల చివర్లో డాక్టరుగారు విజయవాడలో ఏదో మీటింగుకి వెళ్ళి, ఒక కొత్త కిట్టు చంకలో పెట్టుకుని వచ్చారు. పెళ్ళికొడుకు మొహంలా వెలిగిపోతోంది ఆయన మొహం.

"ఇన్నాళ్ళూ మనం జనాన్ని ఊరికే బెదరగొట్టామయ్యా. కొలెస్ట్రాల్లో మంచిది వేరే ఉందిట. అది ఎక్కువుంటే గుండెకి మేలుట."

"కొవ్వులో మంచిదేంటండీ?" అన్నాను.

"ప్యాకింగ్ షెడ్డు చూశావుగా. గంపలు తెచ్చి లోపల దింపేవాళ్ళు కొందరు. కుళ్ళిన కాయలు, చెత్తా ఏరి బయటికి మోసేవాళ్ళు కొందరు. దింపేవాళ్ళే ఉండి మోసేవాళ్ళు లేకపోతే ఏమవుతుంది?"

"షెడ్డు నిండిపోద్ది."

"రక్తనాళమూ అంతే. ఈ మంచిది గోడలకి పట్టిన కొవ్వుని మోసుకెళ్ళి లివరులో పడేస్తుంది. మోసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడమే ఈ కొత్త పరీక్ష."

అది విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంకా గుర్తుంది. పరీక్ష కూడా చూడ్డానికి బాగుండేది. రక్తంలోంచి తీసిన సీరంలో ఒక మందు కలిపితే చెడ్డ కొవ్వు పాలు విరిగినట్టు విరిగేది. తిప్పితే అడుక్కి దిగేది. పైన తేటగా మిగిలిన నీళ్ళలో ఉన్నదే మంచిది. దాన్ని రంగు తెప్పించి కొలవడమే. చెడ్డది అడుగున, మంచిది పైన, మధ్యలో గీత గీసినట్టు. లోకంలో ఇంకెక్కడా అంత స్పష్టంగా విడిపోవడం నేను చూడలేదు.

కానీ మనుషులతోనే ఇబ్బంది. పరగడుపున రమ్మంటే, సీజన్లో ఎవరూ పరగడుపున వచ్చేవాళ్ళు కారు. సీరం మజ్జిగలా తెల్లగా ఉంటే పిలిచి అడిగేవాణ్ణి.

"ఏమన్నా తిని వచ్చారా?"

"లేదండీ, మెతుకు ముట్టలేదు. తోటలోంచి వస్తూ నాలుగు రసాలు జుర్రానంతే."

మా నర్సు సిస్టరు గారు పక్కనుంచి అందుకునేవారు. "నాలుగు రసాలు తినడం తినడం కాదన్నమాట. మరి టెంకలు కూడా మింగారా, అవి వదిలేశారా?"

ఆవిడ నోటికి డాక్టరుగారు కూడా జడిసేవారు. వయసులో మా ఇద్దరికంటే పెద్ద. రోగి గుమ్మంలో అడుగుపెట్టిన తీరు చూసి జబ్బు ఎంతవరకు వచ్చిందో చెప్పేవారు. నేను చెప్పే అంకెలంటే ఆవిడకి పెద్ద గౌరవం ఉండేది కాదు. "మీ లెక్కలు మీరు చూసుకోండి. నేను మొహాలు చూసుకుంటా" అనేవారు.

మంచి కొలెస్ట్రాల్ సంగతి మామిడి మార్కెట్టుకి పాకడానికి ఎంతోకాలం పట్టలేదు. కమీషన్ వ్యాపారులు వరసగా వచ్చి చేయి చాపారు. "నాది నలభై రెండు, నీదెంత?" అని ఒకరినొకరు అడగడం మొదలైంది. ముప్ఫై నాలుగు వచ్చినాయన వారంపాటు మార్కెట్లో తలెత్తుకోలేదు. మంచిది పెరుగుతుందని ఎవరో చెబితే ఒకాయన రోజూ ఉదయం చెరువుగట్టు మీద పరిగెత్తి, మోకాలు వాచి, మళ్ళీ మా దగ్గరికే వచ్చాడు. మొత్తాన్ని మంచిదానితో భాగిస్తే వచ్చే అంకె కూడా రిపోర్టు కింద రాయమన్నారు డాక్టరుగారు. అది ఐదు లోపు ఉంటే పర్వాలేదని అర్థం. భాగహారం అంటే నాకు ప్రాణం. రాసేవాణ్ణి.

అలా వ్యాపారులు ఒకసారి తమతో పాటు బాబాయిని కూడా లాక్కొచ్చారు.

బాబాయి అంటే నాకు చుట్టం కాదు. కమీషన్ కొట్లో ఉన్నప్పటినుంచీ అలా పిలవడం అలవాటు. రెడ్డిగూడెం వైపు ఊరు ఆయనది. తోటల్లో కాపు అంచనా కట్టడం ఆయన పని. మా వైపు కాపు చెట్టు మీద ఉండగానే అమ్ముడవుతుంది. రైతు ఒక లెక్క చెబుతాడు, వ్యాపారి ఒక లెక్క చెబుతాడు. ఇద్దరికీ కాని మనిషి తోటంతా తిరిగి ఏ చెట్టు మీద ఎన్ని కాయలున్నాయో చెబుతాడు. ఆ మాటకి ఇద్దరూ కట్టుబడాలి. మా ప్రాంతంలో బాబాయి మాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

కొట్లో ఉండగా ఆయన వెనక కొన్ని తోటలు తిరిగాను. ప్రతి చెట్టు దగ్గరా ఆగేవాడు. అరచెయ్యి మానుకి ఆనించి, మెడ వెనక్కి వంచి, చుట్టూ ఒకసారి తిరిగి అంకె చెప్పేవాడు. చిన్న తోటకి కూడా పూటంతా పట్టేది. పది చెట్లు చూసి సగటు కట్టి, మొత్తం చెట్లతో హెచ్చవేస్తే సరిపోతుంది కదా అని నేనొకసారి తెలివి ప్రదర్శించాను.

"సగటు చెట్టు అనేది ఏ తోటలోనూ లేదబ్బాయ్. నేనైతే చూళ్ళేదు" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. గేటు దగ్గరి చెట్టుని రైతు ప్రాణంగా చూసుకుంటాడు. నీళ్ళు ముందు దానికే, ఎరువు ముందు దానికే. వచ్చినవాడి కన్ను ముందు దాని మీదే పడుతుంది. "దాన్ని చూసి తోట కొన్నోడు ఇల్లు అమ్ముకుంటాడు. గేటు చెట్టు అబద్ధం చెప్పదు. దాని కాపు దానికి నిజమే. కానీ అది తోట కాదు."

అలాంటి మనిషి రక్తం తీసి నేను పరీక్ష చేశాను. మంచిది డెబ్భై ఎనిమిది వచ్చింది. నమ్మలేక మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మా ల్యాబులో అప్పటిదాకా మగవాళ్ళలో అరవై దాటినవాళ్ళు లేరు. మొత్తం రెండు వందల అరవై రెండు. మామూలుగా అయితే డాక్టరుగారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టి, కోప్పడాల్సిన అంకె. కానీ భాగిస్తే మూడున్నర కూడా రాలేదు.

"నీకేంటయ్యా, రాజావి. ఊళ్ళో నీ అంత మంచివాడు లేడు" అన్నారు డాక్టరుగారు.

బాబాయి నా పక్కన స్టూలు మీద కూర్చుని షెడ్డు పోలికా, అన్ని అంకెలూ చెప్పించుకున్నాడు. ఇంకో రకం కొవ్వు పరీక్షలోని అంకెని ఐదుతో భాగించి, దాన్నీ మంచిదాన్నీ మొత్తంలోంచి తీసేస్తే చెడ్డది తేలుతుందని చెప్పాను. ఆయనకి వచ్చింది నూట యాభై ఆరు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"డెబ్భై ఎనిమిది రెళ్ళు నూట యాభై ఆరు. ఒక్కో మంచోడు ఇద్దరు చెడ్డోళ్ళ పని చూసుకుంటాడు. ఏమీ మిగల్లేదు చూశావా అబ్బాయ్" అన్నాడు.

లెక్క శేషం లేకుండా తెగితే మా ఇద్దరికీ ఒకటే సంతోషం. నవ్వుకున్నాం. ఆయన చుట్ట తీసి చెవి మీద పెట్టుకుని వాకిట్లో మెట్లు దిగి వెళ్ళాడు. ఆ వేళ నుంచి మార్కెట్లో ఆయన పేరు డెబ్భై ఎనిమిది అయింది.

తర్వాతి సీజన్లో ముందుగా చూసింది సిస్టరు గారే. బాబాయి ఏదో పని మీద మా వీధిలో వెళుతూ మా మెట్ల దగ్గర ఆగాడట. ఆవిడ లోపలికి వచ్చి నాతో అన్నారు.

"మీ డెబ్భై ఎనిమిది గారు బయట నిలబడ్డారు. చుట్ట ఆరిపోయిందని వెలిగించుకోడానికి ఆగారంట. చుట్ట ఆరలేదు. పొగ వస్తూనే ఉంది."

బయటికి వెళ్ళి చూస్తే ఎడమచేత్తో రొమ్ము మధ్య రాసుకుంటున్నాడు. నన్ను చూసి చెయ్యి దింపేశాడు. లోపలికి తీసుకెళ్ళాం. గబగబా నడిస్తే రొమ్ములో పట్టేసినట్టుంటుందనీ, ఆగితే పోతుందనీ డాక్టరుగారు అడగ్గా అడగ్గా చెప్పాడు. కొంతకాలంగా ఉందట. గ్యాసు అనుకుని సోడా తాగుతున్నాడట. ఈసీజీ తీస్తే బాగానే ఉంది. డాక్టరుగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. బాగున్న కాగితాన్ని ఆయన అంతసేపు చూడటం నాకు నచ్చలేదు.

"పడుకుంటే బాగుంటుంది. నడిచేటప్పుడు ఎలా ఉంటుందో చూడాలి. విజయవాడ వెళ్ళు. మిషను మీద నడిపించి చూస్తారు."

"నడవడానికి విజయవాడ ఎందుకండీ. రోజూ తోటల్లో నడుస్తూనే ఉన్నాగా."

"హాస్యాలొద్దు. వెంటనే వెళ్ళాలి."

"మీరేగా రాజావి అన్నారు. డెబ్భై ఎనిమిది ఎక్కడికి పోయింది?"

డాక్టరుగారు ఈసీజీ కాగితం మడిచి పక్కన పెట్టారు. నాలుక కింద పెట్టుకునే మాత్రలు ఇచ్చి, ఇవి ఎప్పుడూ జేబులో ఉండాలి, నొప్పి వస్తే ఉన్నచోటే కూర్చుని ఒకటి పెట్టుకోవాలి అని చెప్పారు. నా వైపు తిరిగి, "నువ్వు చెప్పు. నీ మాట వింటాడు" అన్నారు.

బాబాయిని బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. నాకు ఉపన్యాసాలు రావు. ఆయన దగ్గర నేర్చుకున్నదే ఆయనకి చెప్పాను.

"బాబాయ్, ఆ డెబ్భై ఎనిమిది గేటు దగ్గరి చెట్టు."

ఆయన చుట్ట నోటి దాకా తెచ్చి ఆపాడు.

"అది చూసి మనం తోట కొనేశాం. లోపల చెట్లు చూడలేదు. నీ చుట్ట ఒక చెట్టు. చెడ్డది నూట యాభై ఆరు ఇంకో చెట్టు. మీ నాన్న ఎలా పోయారని చెప్పావు?"

"కోతల్లో, చెట్టు కింద కూలబడిపోయాడు. వడదెబ్బ అన్నారు."

"వడదెబ్బేనా?"

చుట్టని వేళ్ళ మధ్య ఒకసారి తిప్పాడు. మనిషి తన లెక్కలో తప్పు తనే చూసుకున్నప్పుడు మొహం ఎలా ఉంటుందో అప్పుడు చూశాను. కోపం లేదు. కొంచెం సిగ్గుపడ్డట్టున్నాడు.

"పట్టావురా అబ్బాయ్. నా తాడుతో నన్నే కట్టావు. వెళదాం" అన్నాడు. చుట్ట అక్కడే బెంచీ కింద వేసి నలిపేశాడు.

ఒప్పించాను కదా అని ఆ సాయంత్రం నేను ఎంత తేలిగ్గా ఇంటికి నడిచానో చెప్పలేను. సరైన మాట సరైన మనిషికి చెబితే చాలు, జరగాల్సింది జరుగుతుందని అనుకునే వయసు.

డాక్టరుగారు ఫోను చేసి విజయవాడలో రోజు ఖాయం చేశారు. నన్ను తోడు వెళ్ళమన్నారు. రోహిణి కార్తె ఎండలు. చెప్పిన రోజు పొద్దున్నే బాబాయి నూజివీడు బస్టాండుకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మడత నలగని పంచె. జేబు మీద తట్టి, మాత్రలు ఉన్నాయని చూపించాడు. హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్ళే బస్సు కోసం నిలబడ్డాం. చుట్ట మానేశాడట. నోట్లో లవంగం పెట్టుకుని తిరుగుతున్నాడు.

బస్సు రాకముందే ఒక రైతు ట్రాక్టరు వేసుకుని వచ్చాడు. ఊరి శివార్లోనే ఆయన తోట. బాబాయి కోసం ఊరంతా వెతుకుతున్నాడట.

"వ్యాపారి జంక్షన్ నుంచి లారీలు మాట్లాడుకుని వచ్చి కూర్చున్నాడు బావగారూ. మీరు చూసి చెబితే ఇప్పుడే కోత మొదలెడతాడంట. లేకపోతే ఇంకో తోటకి పోతానంటున్నాడు. పైన చూశారుగా."

పైన చూశాం. పడమట మబ్బు నల్లగా దిగి ఉంది. ఆ నెలలో ఆ రంగు మబ్బంటే ఈదురుగాలి. ఒక్క గాలి చాలు, ఏడాది పంట నేల మీద పడి ఊరగాయకి కూడా ఎవరూ అడగని కాయ అవుతుంది. ఆ రైతుకి ఉన్నది ఆ ఒక్క తోటే.

"మేం విజయవాడ వెళుతున్నామండీ. అక్కడి డాక్టరుగారు కాచుకుని ఉంటారు" అన్నాను.

రైతు నన్ను చూడలేదు. బాబాయి నా వైపు చూశాడు. "మధ్యాహ్నం బస్సుకి వెళదాం. సాయంత్రం దాకా చూస్తారన్నావుగా. మెల్లగా నడుస్తా. పరుగులేం లేవు."

ఆయన అడగడంలో తప్పు లేదు. సాయంత్రం దాకా చూస్తారన్నదీ నిజమే. మెల్లగా నడిస్తే నొప్పి రావడం లేదన్నదీ నిజమే. రైతు భయమూ నిజమే. నా తప్పని అనుకుంటే నాకు కొంత సుఖంగా ఉండేది. ఇన్నేళ్ళుగా వెనక్కి వెళ్ళి వెతుకుతున్నాను. ఏ అడుగూ తప్పుగా కనపడదు. అన్నీ కలిపితే మాత్రం ఆ తోట దగ్గరికే వస్తాయి.

గేటు దగ్గర చెట్టు నిండుగా కాసి ఉంది. కొమ్మలకి గెడలు ఊతం పెట్టారు. బాబాయి దాన్ని చూసి, నా వైపు చూసి కన్ను గీటాడు. చొక్కా విప్పి దాని కొమ్మకి తగిలించాడు.

"సొన పడితే మరక పోదు. డాక్టర్ల దగ్గరికి మరకల చొక్కాతో వెళితే మీ పిన్ని నన్ను ఇంట్లోకి రానివ్వదు."

మామిడి తోటలోకి వెళ్ళే ముందు మంచి చొక్కా విప్పడం మా వైపు ఎంత మామూలంటే, గుడిలోకి వెళ్ళేముందు చెప్పులు విప్పినంత. చూస్తూ నిలబడ్డాను. నాకేమీ తట్టలేదు.

ఆయన చెట్టు చెట్టుకీ ఆగుతూ వెళ్ళాడు. అరచెయ్యి మానుకి ఆనించి, మెడ వంచి పైకి చూసి అంకె చెబుతున్నాడు. రైతు, వ్యాపారి కొంచెం ఎడంగా వస్తున్నారు. ఆయన వెనకే నేను. అలవాటు కొద్దీ మనసులో కూడుకుంటూ నడుస్తున్నాను. గాలి స్తంభించిపోయి ఉంది. ఆకు కదలడం లేదు. లోపలికి వెళ్ళేకొద్దీ కాపు పలచబడింది. కొన్ని చెట్లకి ఏమీ లేదు. వాటి దగ్గర కూడా ఆగి, మానుకి చెయ్యి ఆనించి, "లేదు" అనేవాడు.

తోట చివరికి వచ్చేసరికి ఒక చెట్టు దగ్గర చెయ్యి ఆనించి పైకి చూశాడు. అంకె చెప్పలేదు. ఇంకా లెక్కపెడుతున్నాడనుకున్నాను. అలాగే చెయ్యి జారుస్తూ మాను పక్కన కూర్చున్నాడు. బనీను మొత్తం చెమటతో తడిసిపోయింది.

"అబ్బాయ్, జేబులో..." అని రొమ్ము మీద తడుముకున్నాడు. అక్కడ బనీనే ఉంది.

పరిగెత్తాను. ఆ తోట అంత పొడుగని నడిచి వచ్చేటప్పుడు తెలియలేదు. గేటు చెట్టు మీద చొక్కా తెల్లగా కనపడుతూనే ఉంది, ఎంతకీ దగ్గరికి రాలేదు. తీసుకుని మళ్ళీ పరిగెత్తి వచ్చాను. నోరు తెరిపించి మాత్ర నాలుక కింద పెట్టాను. కళ్ళు తెరిచే ఉన్నాయి. పైన కొమ్మల్లోకి చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయేమోనని వంగాను. మాత్ర కరగలేదు.

ట్రాక్టరు మీద పడుకోబెట్టుకుని వచ్చాం. గతుకుల్లో ఆయన తల నా ఒళ్ళో ఊగుతూనే ఉంది. సిస్టరు గారు మెట్ల మీదికి వచ్చి, ఆయన మొహం ఒకసారి చూసి, నా చేతిలో చొక్కా చూసి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది. డాక్టరుగారు గుండె మీద గట్టిగా నొక్కుతూ చాలాసేపు శ్రమపడ్డారు. తర్వాత నా భుజం పట్టుకుని, "మాత్ర జేబులో ఉన్నా ఆగేది కాదులే" అన్నారు. అది వైద్యమో, దయో నాకు తెలియదు. ఆయన్ని ఎప్పుడూ అడగలేదు.

రైతు బయట వరండాలో నిలబడి ఉన్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు. పక్కన వ్యాపారి. కాసేపటికి రైతే దగ్గరికి వచ్చాడు.

"అడగకూడదు గానీ బాబూ, మీరు వెనకే ఉన్నారుగా. ఆయన ఎంత దాకా చెప్పాడో..."

ఆయన్ని తిట్టాలనిపించింది. పడమట ఉరుము వినిపిస్తోంది. ఆయన మొహంలో దుర్మార్గం ఏమీ లేదు, భయమే ఉంది. నాకు అంకె గుర్తుంది. ప్రతి చెట్టూ గుర్తుంది. మొత్తం చెప్పాను. ఆఖరి వరసకి సగటు కట్టుకున్నారని తర్వాత తెలిసింది. బాబాయి చెయ్యి ఆనించిన ఆ చివరి చెట్టుకి కూడా.

మార్కెట్టులో మంచి కొలెస్ట్రాల్ మోజు ఆ వారంతోనే పోయింది. అంతవరకు నలభై ఉందని మురిసినవాళ్ళు, ఇరవై ఉందని ఏడ్చినవాళ్ళు, అందరూ ఒకేలా చేతులు దులుపుకున్నారు. అదీ పొరపాటే. మంచిది బాగా తగ్గితే ప్రమాదమన్న మాట ఇప్పటికీ నిలబడే ఉంది. ఎక్కువుంటే రక్షణ అన్న మాటే అనుకున్నంత నిలబడలేదు. తర్వాత్తర్వాత మంచిదాన్ని పెంచే మందులు వచ్చాయన్నారు. అంకె పెరిగింది గానీ మనుషులు పోవడం అనుకున్నట్టు తగ్గలేదన్నారు. అది ఎంత ఉందన్నదే కాదు, ఎలా పనిచేస్తోందన్నది కూడా చూడాలని ఇప్పుడు చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ నాకు కొత్తగా తెలిసినట్టు ఉండదు. ఆ మాట అంతకుముందే ఒకరి నోట విన్నాను.

పెద్దకర్మ అయిన తర్వాత పిన్నిని చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ సీజన్లో ప్యాకింగ్ షెడ్డులో కాయ ఏరే పనికి వెళ్ళేది. పనిలోకి వెళ్ళడానికి ఇంకా మనసు లేక ఇంటి ముందు కూర్చుని ఉంది. నేను తెచ్చిన చొక్కా తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద మరక ఉందేమోనని అటూ ఇటూ తిప్పి చూసింది. లేదు.

"లోపల చెత్త మోసేవాళ్ళు ఆయనకి ఎక్కువమంది ఉన్నారని చెప్పారంట కదా బాబూ. ఇంటికొచ్చి ఎంత సంబరంగా చెప్పాడో."

"అవును పిన్నీ. ఉన్నారు."

"ఆఖరి దాకా ఉన్నారా?"

"ఉండే ఉంటారు."

ఆవిడ చొక్కా మడతపెట్టింది. మళ్ళీ విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

"షెడ్డులో మేమూ చాలామందిమి ఉంటాం. మేస్త్రి పొద్దున్నే వచ్చి తలలు లెక్కపెట్టుకుని పోతాడు. ఎవరు మోశారో, ఎవరు గోడకి చేరగిలబడి కూర్చున్నారో ఆయనకి అక్కర్లేదు. మీదీ అదేనా బాబూ? లెక్కపెట్టడం వరకేనా?"

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది.

"అవును పిన్నీ, అంతవరకే" అన్నాను.